మూసుకున్న సూడో ఎన్యూరిజం మళ్ళీ తెరుచుకుంటుందా?

అల్ట్రాసౌండ్ గదిలో పనిచేసే రేడియాలజిస్టుని నేను. యాంజియోగ్రామో స్టెంటో అయ్యాక గజ్జల్లో వాపు వచ్చినవాళ్ళని వార్డు నుంచి నా దగ్గరికి పంపిస్తారు. చాలామందికి అది ఉత్త కమిలిన రక్తమే, మెల్లగా కరిగిపోతుంది. కొందరికి మాత్రం తొడ ధమనిలో షీత్ అనే గొట్టం పెట్టినచోట పడిన రంధ్రం మూసుకోదు. రక్తం ధమని బయటికి వచ్చి, చుట్టూ ఉన్న కణజాలం మధ్య ఒక సంచిలా చేరి, గుండె కొట్టుకున్నప్పుడల్లా అదీ కొట్టుకుంటూ ఉంటుంది. ఇదే సూడో ఎన్యూరిజం. దీన్ని ఆపరేషన్ లేకుండా, ఒంటి మీద పెట్టి స్కాన్ చేసే ప్రోబ్‌తో నొక్కిగానీ రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ అనే మందుని సన్నటి సూదితో వేసిగానీ మూసేయడం మా పని.

మూసేసిన రోజు అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రశ్న తర్వాత వస్తుంది, అదీ బట్టలు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి అడుగుతారు: "ఇది మళ్ళీ రాదు కదండీ? ఎన్నాళ్ళు జాగ్రత్తగా ఉండాలి?"

నా జవాబు మారదు. మొదటి వారం గడిచి, స్కాన్‌లో సంచి పూర్తిగా మూసుకునే ఉంటే, దాని గురించి దాదాపుగా మర్చిపోవచ్చు. ఆ తర్వాత జాగ్రత్త పడాల్సింది గజ్జల గురించి కాదు, వేరే దాని గురించి. అదేమిటో చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మామూలు ఎన్యూరిజంలో ధమని గోడే ఉబ్బుతుంది, దాని మూడు పొరలూ ఉంటాయి. ఇక్కడ గోడే ఉండదు. సంచిని ఆపి ఉంచేది గడ్డకట్టిన రక్తం, చుట్టూ ఉన్న మెత్తటి కణజాలం మాత్రమే. ధమనికీ సంచికీ మధ్య సన్నటి దారి ఒకటి ఉంటుంది, దాన్ని నెక్ అంటాం. సంచిని ఒకే తలుపున్న గదిలా ఊహించుకోండి. లోపలికి వచ్చిన రక్తం ఆ తలుపులోంచే బయటికి పోవాలి. అందుకే రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపించే కలర్ డాప్లర్ పెట్టగానే సంచిలో సగం ఎరుపు, సగం నీలం సుడి తిరుగుతూ కనిపిస్తుంది. నెక్ మీద డాప్లర్ పెడితే గుండె ముడుచుకున్నప్పుడు లోపలికి, వదులైనప్పుడు బయటికి వెళ్ళే ప్రవాహం గీతకి పైనా కిందా గీసినట్టు వస్తుంది. ఒకసారి చూసినవాళ్ళు ఆ బొమ్మని ఇంకోదానితో పొరబడరు.

ఇది ఎందుకొస్తుందో చెప్పడానికి పెద్ద పట్టిక అక్కర్లేదు. పెద్ద షీతులు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు, ఊబకాయం, బీపీ, సున్నం పట్టిన ధమనులు, వయసు. ఆడవాళ్ళలో కొంచెం ఎక్కువ. కానీ నేను అన్నిటికంటే ముందు చూసేది రంధ్రం ఎక్కడ పడిందన్నది. తొడ ధమని పైభాగం వెనకాల తొడ ఎముక తల ఉంటుంది, షీత్ తీశాక దానికేసి అదిమితే ధమని బాగా నొక్కుకుంటుంది. ధమని రెండుగా చీలే చోటికన్నా కింద గుచ్చితే వెనకాల గట్టి ఆధారం ఉండదు. ఎంతసేపు నొక్కినా చెయ్యి మెత్తటి కండరంలోకి దిగుతుంది తప్ప రంధ్రం మూతపడదు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఇలా కిందికి జారిన పంక్చర్లే ఎక్కువ. అల్ట్రాసౌండ్ చూస్తూ గుచ్చితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఆ మాట నేను ప్రతి మీటింగ్‌లోనూ అంటాను, నవ్వేవాళ్ళు నవ్వుతారు.

ఒకప్పుడు దీనికి ఆపరేషనే దారి. గజ్జలు కోసి, ధమనిని బయటికి తెచ్చి, రంధ్రానికి కుట్టు వేయడం. పని బాగానే అయ్యేది. కానీ గజ్జల్లో పుండు మానడం కష్టం. చీము పట్టడం, లింఫ్ కారడం, అప్పటికే గుండె బలహీనంగా ఉన్న మనిషికి మత్తు ఇవ్వాల్సి రావడం, ఇవన్నీ తోడయ్యేవి. 1991లో ఫెల్మెత్ బృందం అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో నెక్‌ని నొక్కి పట్టి మూసేయవచ్చని రాశాక పద్ధతి మారింది. సూది లేదు, కత్తి లేదు. నిజంగా శరీరంలోకి ఏమీ దూర్చని చికిత్స అంటే అదే.

వినడానికి తేలిక. చేస్తే తెలుస్తుంది. తెర మీద నెక్‌ని చూస్తూ ప్రోబ్‌ని దాని మీదకి దించాలి. నెక్‌లో ప్రవాహం ఆగాలి, కింద ఉన్న అసలు ధమనిలో ప్రవాహం ఆగకూడదు. ఆ రెండిటి మధ్య తేడా చేతికి ఒక్క పిసరు బరువు. అలా ఓ పది నిమిషాలు పట్టి ఉంచి, మెల్లగా వదిలి, రంగు మళ్ళీ వస్తోందా చూసి, వస్తే మళ్ళీ. గంట దాకా పోవచ్చు. రోగికి ఇది బాగా నొప్పి, ముందే నొప్పి మందు ఇస్తాం. అయినా కొందరికి బీపీ పడిపోయి చెమటలు పడతాయి. ఒక పెద్దావిడ పళ్ళు బిగపట్టుకుని, "నువ్వు నొక్కమ్మా, నేను ఓర్చుకుంటాలే, కానీ ఇంకెంతసేపో చెప్పకు, నాకు టెన్షన్" అంది. అప్పటి నుంచి గడియారం రోగికి కనిపించని గోడకి పెట్టించాను. ఇక మా సంగతి: ఈ పని ఏళ్ళ తరబడి చేసిన సోనాలజిస్టుల మణికట్లు అడిగితే వాళ్ళే చెబుతారు.

నొక్కి మూసే పద్ధతి మొత్తం మీద నలుగురిలో ముగ్గురికి పనిచేస్తుంది. హెపారిన్‌ మీదో వార్ఫరిన్‌ మీదో ఉన్నవాళ్ళలో ఆ లెక్క బాగా పడిపోతుంది, మూసుకున్నవి మళ్ళీ తెరుచుకోవడమూ వాళ్ళలోనే ఎక్కువ. అది సహజమే. మేం చేసేది రక్తం నిలిచేలా చూడడమే, గడ్డకట్టాల్సింది రక్తమే. దానికి గడ్డకట్టొద్దని మందు ఇచ్చి, మళ్ళీ గడ్డకట్టమని నొక్కుతున్నాం.

అందుకే ఇప్పుడు ఎక్కువ చోట్ల త్రాంబిన్‌దే రాజ్యం. సంచిలోకి నేరుగా సూదితో త్రాంబిన్ వేయడం గురించి కోప్, జెయిట్ 1986లోనే రాశారు. 1997లో లియావ్ బృందం అల్ట్రాసౌండ్ చూస్తూ వేసే పద్ధతిని ప్రచురించాక అది పాకింది. సన్నటి సూది మొనని నెక్‌కి దూరంగా, సంచి మధ్యలో పెట్టి, కొన్ని వందల యూనిట్లు మెల్లగా వేస్తే, కొన్ని సెకన్లలోనే తెర మీద రంగు మాయమవుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని దృశ్యం అది. పనిచేసే శాతం సుమారు 95కి పైనే, అదీ రక్తం పల్చబరిచే మందుల మీద ఉన్నవాళ్ళలో కూడా. భయమల్లా మందు నెక్ దాటి ధమనిలోకి జారి కాలి కింది రక్తనాళాన్ని మూసేయడం. అది అరుదు. ఆవు నుంచి తీసిన త్రాంబిన్‌కి కొందరి ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యే చిక్కు కూడా ఉంది, అందుకని ముందు ఎప్పుడైనా ఆపరేషన్‌లో దాన్ని వాడారా అని అడుగుతాం. సూది గుచ్చుతున్నాం కాబట్టి నొక్కడంలాగా పూర్తిగా పైపై చికిత్స అనలేం గానీ, ఆపరేషన్‌తో పోలిస్తే ఇది ఏపాటి.

ఏమీ చేయకపోవడం అనే మూడో దారిని జనం మర్చిపోతారు. 1997లో టూర్సార్కిసియన్ బృందం 3 సెంటీమీటర్లు మించని సూడో ఎన్యూరిజంలనూ, ధమనికీ సిరకీ మధ్య పడిన చిన్న దారులనూ (ఫిస్టులాలు), రక్తం పల్చబరిచే మందులు అక్కర్లేని రోగుల్లో ఊరికే గమనించింది. 86 శాతం వాటంతట అవే మూసుకున్నాయి, సగటున 23 రోజుల్లో. కాబట్టి చిన్నది, నొప్పి లేనిది, పెరగనిది అయితే నేను ప్రోబ్ కింద పెట్టి, వారం తర్వాత రమ్మంటాను. ఈ మాట అన్నప్పుడు బంధువుల మొహాలు చూడాలి. ఏదో ఒకటి చేయకపోతే డాక్టరు పట్టించుకోలేదన్నట్టే వాళ్ళకి.

ఇక మూసుకున్నాక సంగతి.

మళ్ళీ తెరుచుకునేవి దాదాపు అన్నీ మొదట్లోనే తెరుచుకుంటాయి. మొదటి రోజో, రెండో మూడో రోజో. అందుకే మర్నాడు స్కాన్ తప్పనిసరి అంటాను. అది బాగుంటే వారానికి ఒకటి, నెలకి ఒకటి. తెరుచుకున్నవాటి వెనక కారణాలు వెతికితే ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి, కాస్త ముందే చెప్పిన మందులు. రెండోది, సంచిలో రెండు మూడు గదులుండి, ఒకదానిలో కొంచెం రంగు మిగిలిపోవడం. "చాలావరకు మూసుకుంది" అని రిపోర్టులో రాసి పంపే అలవాటు కొందరికుంది. నెక్‌కి దగ్గరి గదిలో ప్రవాహం ఉందంటే అది మూసుకోనట్టే. రేపు దారి ఉంది కదా అని రక్తం మిగతా గదుల్లోకి కూడా వెళ్తుంది. అలాంటప్పుడు ఆ రోజే మళ్ళీ నొక్కడమో ఇంకో చుక్క మందు వేయడమో నాకు నచ్చుతుంది.

మొదటి వారం దాటినవి ఎందుకు నిలబడతాయంటే, గడ్డ అక్కడ ఊరికే బిరడాలా ఉండదు. నెక్‌లో గడ్డకట్టిన రక్తంలోకి చుట్టుపక్కల నుంచి కణాలు పాకుతాయి, అది నారలాంటి కణజాలంగా మారుతుంది. ధమని లోపలి వైపు రంధ్రం మీద కొత్త పొర పరుచుకుంటుంది. సంచిలోని గడ్డని ఒళ్ళు కొంచెం కొంచెంగా తినేస్తుంది. వారానికి చేసే స్కాన్‌లో గట్టిగా, బూడిద రంగులో ముద్దలా కనిపించేది, నెల తర్వాత చిన్నదవుతుంది. ఆరు నెలలకి చూస్తే చాలామందిలో ఎక్కడ ఉండేదో నాకే వెతుక్కోవాల్సి వస్తుంది. ధమని గోడ పక్కన సన్నటి మచ్చ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పద్ధతి నొక్కడమైనా త్రాంబినైనా, ఈ దశకి వచ్చాక నేను తెర మీద తేడా పట్టలేను.

అలాంటి స్కాన్‌కి నేను రాసే రిపోర్టు రెండు లైన్లు. ధమని, సిర బాగున్నాయి, సంచిలో ప్రవాహం లేదు. దీర్ఘకాలిక ఫలితాల గురించి చదవడానికి పెద్దగా దొరకకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. ఏమీ జరగని విషయం మీద ఎవరు పేపర్ రాస్తారు? పైగా ఈ రోగులు గుండె జబ్బువాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు. బాగున్నవాళ్ళు స్కాన్‌కి తిరిగి రారు. రాకపోయినవాళ్ళలో కొందరు గుండెతోనే పోతారు, గజ్జలకీ దానికీ సంబంధం ఉండదు. కాబట్టి ఎవరైనా ఏళ్ళ తరబడి ఫలితాలు చూపిస్తున్నామంటే, మొదట చికిత్స పొందినవాళ్ళలో ఎంతమంది చివరి స్కాన్ దాకా వచ్చారన్నదే నేను ముందు చూస్తాను. తర్వాత, రాని వాళ్ళకి కనీసం ఫోన్ అయినా చేశారా అన్నది.

తెర మీద ఏమీ లేకపోయినా మనిషికి ఉండేవి ఉంటాయి. గజ్జల్లో గట్టి ఉండ చేతికి తగులుతూనే ఉంటుంది, వారాలు, ఒక్కోసారి నెలలు. పెద్ద సంచి అయితే ఇంకా ఎక్కువ. దాని కింద ధమని కొట్టుకుంటుంటే ఉండ కూడా కదిలినట్టు అనిపిస్తుంది, మనిషి హడలిపోతాడు. ధమని మీద కూర్చుని పైకీ కిందకీ ఎగిరే ఉండ వేరు, లోపల రక్తం తిరుగుతూ అన్ని వైపులకీ ఉబ్బే ఉండ వేరు. చేతితో పట్టుకుని తేల్చుకోవడం ఇంట్లోవాళ్ళ వల్ల కాదు, కాబట్టి అనుమానం వస్తే రమ్మంటాను. ఒక్క నిమిషం డాప్లర్ పెడితే తేలిపోతుంది. కమిలిన రంగు తొడ మీదుగా మోకాలి దాకా జారడం, ఆకుపచ్చగా, పసుపుగా మారడం మామూలే. తొడ ముందు భాగంలో మొద్దుబారినట్టు ఉండడం కూడా కొందరు చెబుతారు. నరం మీద పడిన ఒత్తిడి అది, ఎక్కువగా మెల్లగా సర్దుకుంటుంది. కాలు మొత్తం వాచిందంటే మాత్రం అది వేరే సంగతి. సంచో, మేం నొక్కిన నొక్కుడో పక్కనే ఉన్న సిరని అదిమి అందులో గడ్డ కట్టించి ఉండవచ్చు. ఫాలో అప్‌లో ధమనితో పాటు సిరని కూడా చూడకుండా ఎవరినీ పంపను.

వాపు ఉన్నట్టుండి పెరగడం, చర్మం బిగుసుకుని నల్లబడడం, జ్వరంతో గజ్జలు ఎర్రబడడం, కాలు చల్లబడడం ఉంటే ప్రోబ్, త్రాంబిన్ రెండూ పక్కన పెట్టి సర్జన్‌ని పిలవాలి. పాత బైపాస్ కుట్టు దగ్గర వచ్చిన సంచి, చీముతో వచ్చిన సంచి అసలు ఈ కథలోవి కావు.

ఇప్పుడు మొదట దాటేసిన సంగతి. మూసుకున్న సంచి మళ్ళీ తెరుచుకుని ఇబ్బంది పెట్టడం కన్నా, దాని భయంతో మనుషులు చేసే పనే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నెల స్కాన్‌కి వచ్చిన ఒకాయన ఎంతో తృప్తిగా చెప్పాడు: "రక్తం పల్చబడే మాత్రలు ఆపేశానండి. వాటివల్లే కదా ఇదంతా, ఇప్పుడు చూడండి ఎంత బాగా తగ్గిందో." గజ్జలు నిజంగానే బాగున్నాయి. కానీ ఆయన గుండెలో కొత్త స్టెంట్ ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపేస్తే ఆ స్టెంట్ లోపల గడ్డ కట్టవచ్చు, అది కడితే ప్రాణం మీదకి వస్తుంది. తొడ ధమని పక్కన సంచి వల్ల అలా జరగడం చాలా అరుదు. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టే ఉంచి కార్డియాలజిస్టుకి ఫోన్ చేశాను. స్పీకర్‌లో కార్డియాలజిస్టు తిట్టిన తిట్లు గదిలో అందరికీ వినిపించాయి. ఆ సాయంత్రమే మాత్రలు మొదలయ్యాయి.

అప్పటి నుంచి నా రిపోర్టుల్లో ఇంకో లైను చేరింది: గజ్జల స్థితిని బట్టి గుండె మందులు ఆపనవసరం లేదు, మార్పు ఏదైనా కార్డియాలజిస్టే చెప్పాలి. రేడియాలజీ రిపోర్టులో మందుల మాటెందుకని ఒక సీనియర్ అడిగారు. మాత్రలు ఎవరు ఆపుతున్నారో వాళ్ళు చదివే కాగితం అదొక్కటే అన్నాను. మాత్రలు ఆపాల్సిన పనే రాని పద్ధతి కావడం త్రాంబిన్‌కి ఉన్న అసలు గొప్పదనం అని నా అభిప్రాయం. నొక్కి మూయడంలో హెపారిన్ ఆపగలిగితే ఫలితం మెరుగవుతుంది. ఆపలేని మనిషి మీద గంటసేపు నొక్కడం నాకూ శిక్ష, ఆయనకీ శిక్ష. అలాగని ప్రోబ్ నొక్కుడుని పూర్తిగా వదిలేయలేదు. సంచి చిన్నది, నెక్ పొడుగ్గా సన్నగా ఉంది, మందులు ఆపి ఉన్నాయి, త్రాంబిన్ అందుబాటులో లేదు అంటే ఇప్పటికీ చేతులు కడుక్కుని మొదలుపెడతాను. సంచి అలా మూసుకున్నవాళ్ళు ఏళ్ళ తర్వాత ఇంకేదో పనికి వచ్చి బల్ల ఎక్కినప్పుడు గజ్జల్లో ఓ చూపు చూస్తాను. ఇప్పటిదాకా ఆ సంచులు మూసుకునే ఉన్నాయి.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చే కేసులు తగ్గాయి, యాంజియోగ్రామ్‌లు మణికట్టు నుంచి చేస్తున్నారు కాబట్టి. కానీ వచ్చేవి పెద్దవి. గుండె కవాటాన్ని తొడలోంచి మార్చే పద్ధతులకి, గుండెకి ఆసరాగా పెట్టే పంపులకి వాడే షీతులు లావుగా ఉంటాయి, రంధ్రమూ అలాగే ఉంటుంది. వెడల్పాటి పొట్టి నెక్ అయితే త్రాంబిన్ వేసే ముందు నేను రెండుసార్లు ఆలోచిస్తాను, ఆ రెండోసారి సర్జన్ పక్కనే ఉంటాడు.

చివరిగా తరచూ అడిగే ఇంకో ప్రశ్న: అదే గజ్జల్లోంచి మళ్ళీ యాంజియోగ్రామ్ చేయించుకోవచ్చా? మూసుకుని నెలలు గడిచి, స్కాన్‌లో ధమని మామూలుగా ఉంటే, నాకు అభ్యంతరం కనిపించదు. అయినా ముందు మణికట్టు, తర్వాత రెండో వైపు గజ్జలు, ఆ తర్వాతే ఇది అని చెబుతాను. ఇక్కడే గుచ్చక తప్పకపోతే, గుచ్చేవాళ్ళకి పాత సంచి ఏ వైపు వచ్చిందో, నెక్ ఎక్కడ మొదలైందో చెప్పండి, పాత రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. అల్ట్రాసౌండ్ చూస్తూ గుచ్చమని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు.